"మూత్రం బాగానే వస్తోంది కదా" అంటున్న నాన్న

ఉద్దానం ప్రాంతం నుంచి ఒక పాఠకురాలు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయొద్దన్నారు. వయసు 29. పెళ్లయి శ్రీకాకుళంలో ఉంటున్నారు, ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెబుతారు. నాన్నకి 56 ఏళ్లు. ఎకరంన్నర కొబ్బరి తోట, పక్కన కాస్త జీడి. నిన్నమొన్నటి దాకా చెట్టెక్కి దింపు తీసింది ఆయనే. కిందటేడు ఊళ్లో పెట్టిన శిబిరంలో రక్తం తీస్తే క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన ఒక వ్యర్థం) 2.6 ఉంది. ఈ మధ్య మళ్లీ చేయిస్తే 3.4. కిడ్నీ జబ్బు నాలుగో దశ అని డాక్టరు చెప్పారు. ఆయన మాత్రం నమ్మడం లేదు. ఒక రోజంతా, రాత్రి నాలుగుసార్లు లేచినప్పుడు కూడా, లీటరు సీసాలో మూత్రం పట్టి కొలిచారట. రెండు లీటర్ల పైమాటే వచ్చింది. "నాకేటయ్యిందే? రెండు లీటర్లు పోస్తన్నాను. నీళ్లలాగ తేటగా ఉంది. కిడ్నీలు పాడైనోడికి అంతొస్తదేటి?" అని కూతురితో వాదన.

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న అన్నయ్యది ఇంకో తీరు. వెంటనే డయాలసిస్ మొదలుపెట్టించాలి, లేదా తోట అమ్మి కిడ్నీ మార్పిడి చేయించాలి అని రోజూ ఫోను. అమ్మ "నాది తీసి పెట్టండి" అంటోంది. నాన్న ఒళ్లునొప్పులకి మందుల షాపు బిళ్లలు వేసుకుంటారు. కిడ్నీలకి మంచిదని పొద్దునా సాయంత్రం రెండు బొండాలు, కొండపిండి ఆకు కషాయం, రోజుకి ఐదు లీటర్ల నీళ్లు తాగుతారు. వీటన్నిటి మధ్య చెల్లెలికి సంబంధం చూస్తున్నారు. అది కుదిరేదాకా ఈ సంగతి గుమ్మం దాటకూడదని, పలాస ఆసుపత్రిలో ఎవరైనా చూస్తారని, చూపించుకోవడానికే ఆయన వెళ్లడం లేదు. "నాన్న చెప్పేది తప్పని నాకు తెలుసు. కానీ ఎందుకు తప్పో చెప్పలేకపోతున్నాను. మూత్రం వస్తుంటే కిడ్నీలు పనిచేయనట్టు ఎలా అవుతుంది?" అని అడిగారు.

జవాబు:

ముందు మీ నాన్నగారి గురించి ఒక మాట. సీసా పట్టుకుని ఇరవైనాలుగు గంటలు కొలిచిన మనిషిని మొండివాడని నేను అనలేను. భయపడి దాక్కునేవాడైతే కొలవడు. ఆయన కొలత సరైనదే. కొలిచిన వస్తువే వేరు. అందుకే ఆయనతో ఆ సీసా లెక్కలోనే మాట్లాడాలి.

మనకి రెండు కిడ్నీలు, ఒక్కొక్కదానిలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు, అంటే వడపోసే సన్నని గొట్టాలు. ప్రతి నెఫ్రాన్ మొదట్లో సన్నని రక్తనాళాల ఉండ ఒకటి ఉంటుంది. పదో తరగతి పుస్తకంలో రక్తకేశనాళికా గుచ్ఛం అని చదివి, నోరు తిరగక మర్చిపోయినది అదే. గుండె నుంచి నిమిషానికి లీటరు పైన రక్తం కిడ్నీలకే వెళ్తుంది, అంటే గుండె తోసే మొత్తంలో అయిదో వంతు. ఆ ఉండలోకి రక్తం తెచ్చే నాళం కాస్త వెడల్పు, బయటికి తీసుకెళ్లేది ఇరుకు. ఆ ఒత్తిడికి రక్తంలోని నీరు, ఉప్పులు, చక్కెర, యూరియా, క్రియాటినిన్ అన్నీ గోడల్లోంచి ఊరి గిన్నెలాంటి బౌమన్ గుళికలోకి దిగుతాయి. రక్తకణాలు, పెద్ద ప్రొటీన్లు మటుకు లోపలే ఆగిపోతాయి.

ఇలా రోజుకి ఊరేది ఎంతో తెలుసా? ఆరోగ్యంగా ఉన్న మనిషిలో దాదాపు 180 లీటర్లు. ఒంట్లో ఉన్న ప్లాస్మా అంతా కలిపి మూడు లీటర్లే. అదే ప్లాస్మా రోజుకి అరవై సార్లు వడపోతకి వస్తుందన్నమాట. 180 లీటర్లూ బయటికి పోతే మనిషి గంటలో ఎండిపోతాడు. అందుకే వడపోసిన వెంటనే వెనక్కి తీసుకోవడం మొదలవుతుంది. మీ పలాస జీడిపప్పు బట్టీల్లో చూసే ఉంటారు. మూట మొత్తం బల్ల మీద గుమ్మరిస్తారు, ఆడవాళ్లు పప్పు ఏరి ఇటు పెట్టుకుంటారు, మిగిలిన పొట్టూ పుచ్చూ అటు పోతుంది. చెత్తని వెతికి వెతికి తీయడం కాదు, అన్నీ గుమ్మరించి కావలసినవి ఏరుకోవడం. కిడ్నీ పని కూడా ఇదే. నెఫ్రాన్ గొట్టంలో మొదటి మెలికలోనే మూడింట రెండొంతుల నీరూ ఉప్పూ, మొత్తం చక్కెర వెనక్కి రక్తంలోకి వెళ్తాయి. తర్వాత కిందికి దిగి పైకి లేచే హెన్లీ శిక్యం కిడ్నీ లోపలి పొరని ఉప్పగా చేసి ఉంచుతుంది. చివరి సంగ్రహణ నాళాలు ఆ ఉప్పదనం గుండా పోతూ, మెదడు నుంచి వచ్చే హార్మోను చెప్పిన మేరకు ఇంకొంత నీటిని వెనక్కి రక్తంలోకి పంపేస్తాయి. ఆఖరికి మిగిలేది లీటరున్నరా రెండు లీటర్లు.

ఇప్పుడు మీ నాన్నగారి లెక్క. 56 ఏళ్ల మగమనిషికి క్రియాటినిన్ 3.4 అంటే వడపోత నిమిషానికి సుమారు 20 మిల్లీలీటర్లు. ఆరోగ్యంగా ఉంటే 100కి అటూ ఇటూ ఉండాల్సింది. కిందటేడు 2.6 ఉన్నప్పుడు 28 దగ్గర ఉండేది. నిమిషానికి 20 అంటే రోజుకి 29 లీటర్లు. అందులో 27 వెనక్కి పోతే మిగిలేది రెండు లీటర్లే! బాగున్నవాడి సీసాలో 180లో మిగిలిన రెండు, ఆయన సీసాలో 29లో మిగిలిన రెండు. సీసాకి ఈ తేడా తెలియదు. బల్ల మీద ఎన్ని మూటలు గుమ్మరించారో చివర్లో మిగిలిన పొట్టు కుప్ప చూసి చెప్పలేం కదా.

అయితే చెత్త పోవడం లేదా అంటే, పోతోంది. ఈ ముక్క చెబితే ఆయన "చూశావా మరి" అంటారు, కనుక జాగ్రత్తగా చెప్పండి. క్రియాటినిన్ కండరాల్లో రోజూ దాదాపు ఒకే మోతాదులో తయారవుతుంది. చెరువుకి తూము సగం పూడిపోయిందనుకోండి. వచ్చే నీరు తగ్గలేదు, పోయే దారి తగ్గింది. మట్టం పెరుగుతూ పోతుంది. ఒత్తిడి పెరిగి, వచ్చినంత నీరూ ఆ సగం తూములోంచే పోయే ఎత్తుకి చేరాక అక్కడ నిలుస్తుంది. కాలువ చూసినవాడికి నీరు మామూలుగానే పారుతున్నట్టు ఉంటుంది. గట్టు మీద నిలబడ్డవాడికి తెలుస్తుంది మట్టం ఎక్కడిదాకా వచ్చిందో. క్రియాటినిన్ 3.4 అన్నది ఆ మట్టం.

ఇంకోటి. మీరు ఉత్తరంతో పంపిన రెండు రిపోర్టుల్లోనూ మూత్రం స్పెసిఫిక్ గ్రావిటీ, అంటే నీటితో పోలిస్తే ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె, 1.010 అని ఉంది. ఎవరూ పట్టించుకోని గడి అది. నా కన్ను మాత్రం ముందు దాని మీదే పడింది. కిడ్నీ బాగున్నవాడి మూత్రం ఎండలో పని చేసినరోజు చిక్కబడి 1.025కి వెళ్తుంది, నీళ్లు తాగినరోజు 1.003కి పలచబడుతుంది. ఎప్పుడు చూసినా 1.010 దగ్గర ఆగిందంటే గొట్టాలకి చిక్కబరిచే శక్తీ పలచబరిచే శక్తీ సన్నగిల్లాయని అనుమానించాలి. అంటే ఆయన గర్వంగా చూపిస్తున్న ఆ తేటదనం మంచి గుర్తు కాకపోవచ్చు. రాత్రి నాలుగుసార్లు లేవడం కూడా బహుశా ఇందుకే. బాగున్న కిడ్నీ రాత్రి మూత్రాన్ని చిక్కబరిచి మనిషిని నిద్రపోనిస్తుంది. ఆయన్ని ఒక్క ప్రశ్న అడిగి చూడండి: "పదేళ్ల కిందట రాత్రి ఎన్నిసార్లు లేచేవాడివి నాన్నా?" మీరు వాదించక్కర్లేదు, ఆయనే లెక్క వేసుకుంటారు.

ఉద్దానంలో కనిపించే జబ్బు స్వభావం కూడా ఈ భ్రమకి సాయం చేస్తుంది. షుగరు వల్ల వచ్చే కిడ్నీ జబ్బులో జల్లెడ చిరిగి ప్రొటీన్ కారుతుంది, మూత్రం నురగ కడుతుంది, కాళ్లు వాస్తాయి. మీ వైపు జబ్బులో దెబ్బ ఎక్కువగా గొట్టాల మీదా వాటి చుట్టూ ఉన్న కణజాలం మీదా పడుతుంది. ప్రొటీన్ కొంచెమే పోతుంది, బీపీ పెద్దగా ఉండదు, వాపు ఆలస్యంగా వస్తుంది. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఇంతమంది చివరి దశలో బయటపడటానికి ఇదొక కారణం. ఎందుకొస్తోందన్నది ఇంకా తేలలేదు. ఎండలో ఒళ్లు ఎండిపోవడం, నీళ్లలో సిలికా, పురుగుమందులు ఇలా చాలా అనుమానాలున్నాయి, ఏదీ రుజువు కాలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, మధ్య అమెరికా చెరకు తోటల్లో కూడా ఇలాంటి జబ్బే పొలం పనివాళ్లని పట్టుకుంది. కాబట్టి మీ నాన్నగారు ఏదో తప్పు చేసి తెచ్చుకున్నారని ఇంట్లో ఎవరూ అనకండి.

ఇక ఆయన రోజూ నోట్లో వేసుకునేవి. ఇక్కడ మాత్రం నేను సలహాలా కాక కాస్త గట్టిగానే చెబుతాను. ఒళ్లునొప్పుల బిళ్లలు, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ జాతివి, వాటితోపాటు ఆర్‌ఎంపీ వేసే నొప్పి ఇంజక్షన్లు ఆపించండి. జబ్బుపడ్డ కిడ్నీ, రక్తం తెచ్చే నాళాన్ని వెడల్పుగా తెరిచి ఉంచుకోవడానికి ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాల మీద ఆధారపడుతుంది. ఈ బిళ్లలు వాటినే ఆపేస్తాయి. మిగిలిన 20లో ఇంకొంత పోతుంది, ఒక్కోసారి తిరిగి రాదు. నడుంనొప్పికి పారాసిటమాల్ ఎంత వేయొచ్చో డాక్టర్ని అడగండి. కొబ్బరి బొండం గురించి చెప్పడానికి నాకే మనసు రావడం లేదు, కొబ్బరి తోట ఉన్న మనిషికి! కానీ ఒక గ్లాసు బొండం నీళ్లలో ఆరువందల మిల్లీగ్రాముల దాకా పొటాషియం ఉంటుంది. ఆయన రక్తంలో అది ఇప్పటికే 5.4. ఇంకా పెరిగితే గుండె లయ తప్పుతుంది, ముందుగా చెప్పి రాదు. కొండపిండి ఆకు రాళ్లకని మనవాళ్లు వాడతారు. ఆయనకి ఉన్నది రాళ్ల జబ్బు కాదు. నీళ్లంటారా, ఐదు లీటర్లు తాగితే కిడ్నీలు కడుక్కుపోవు. నీళ్లు ఎక్కువ పోసినంత మాత్రాన ఏరే చేతులు పెరుగుతాయా? అలాగని ఎండలో తోటపని చేసే మనిషిని దాహంతో ఉంచడం కూడా ప్రమాదమే. వాపు, ఆయాసం లేనంతకాలం దాహానికి సరిపడా తాగనివ్వండి, మోతాదు డాక్టరు చూసి చెబుతారు.

అన్నయ్య తొందర నాకు అర్థమవుతోంది. దూరంగా ఉన్న కొడుకు ఏదో ఒకటి చేసేయాలనుకుంటాడు. డయాలసిస్ ముందే మొదలుపెడితే మేలా అన్నది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 828 మంది మీద పరీక్షించి 2010లో ఫలితాలు ప్రకటించారు. వడపోత 10 - 14 దగ్గర మొదలుపెట్టినవాళ్లకీ, ఆగి 5 - 7 దగ్గరో లక్షణాలు వచ్చినప్పుడో మొదలుపెట్టినవాళ్లకీ బతికే కాలంలో తేడా కనబడలేదు. మీ నాన్నగారిది 20. ఇప్పుడే మొదలుపెడితే వారానికి మూడు రోజులు, పూటకి నాలుగేసి గంటలు యంత్రం దగ్గర పోతాయి తప్ప కొత్తగా వచ్చేదేమీ లేదు. పైగా యంత్రం వడపోత మాత్రమే చేస్తుంది, అదీ వారంలో 168 గంటలకి పన్నెండు గంటలు. ఏరుకునే పని దానికి రాదు. ఎముక మజ్జకి రక్తం తయారుచేయమని కబురు పంపే ఎరిత్రోపోయిటిన్ దానికి లేదు. మీరు నాన్న నీరసం అని రాసింది బహుశా ఈ కబురు తగ్గడం వల్లే, హిమోగ్లోబిన్ చూపించండి.

కానీ "ఇప్పుడొద్దు" అంటే "ఏమీ చేయొద్దు" అని కాదు. ముందుముందు డయాలసిస్‌కి దారిగా చేతిలో ఫిస్టులా అనే చిన్న ఆపరేషను చేస్తారు, ధమనిని సిరకి కలిపి. అది పండటానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఎప్పుడు చేయాలో కిడ్నీ డాక్టరు చెబుతారు. ఈలోగా ఎడమచేతికి, ఆయన కుడిచేతి వాటమైతే, రక్తం తీయనివ్వకండి, సెలైన్ పెట్టనివ్వకండి. ఈ చిన్న జాగ్రత్త పాటించక, అర్ధరాత్రి ఆయాసంతో వచ్చి మెడలో గొట్టం వేయించుకున్నవాళ్లని చాలామందిని చూశాను.

మార్పిడి సంగతి. డయాలసిస్ దాకా పోకుండానే మార్పిడి చేయించుకోవచ్చు, వీలైతే అదే మంచి దారి కూడా. అమ్మగారు ఇవ్వడానికి చట్టం ఒప్పుకుంటుంది. 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం భార్య దగ్గరి బంధువే. గ్రూపు కలవకపోతే ఇంకో జంటతో మార్చుకునే వీలు 2011 సవరణలో ఇచ్చారు. ఇచ్చినవాళ్ల మిగిలిన కిడ్నీ కొంత పెరిగి, మునుపటి రెండింటి పనిలో మూడింట రెండొంతుల దాకా అందుకుంటుంది. అయితే ఆమె కూడా ముప్పయ్యేళ్లుగా అదే ఊళ్లో, అదే నీళ్లు తాగుతూ ఉన్నారు. ఆమె కిడ్నీలు మామూలుకన్నా జాగ్రత్తగా పరీక్షించాలి. "నాది తీసి పెట్టండి" అన్న మాటని ప్రేమగా తీసుకోండి, ఒప్పందంగా కాదు. డాక్టరు ఆమెతో ఒంటరిగా మాట్లాడేదాకా ఎవరూ తేల్చకండి. ఇటు చనిపోయినవాళ్ల అవయవాలు అందించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించే దారి కూడా ఉంది, ఎప్పుడొస్తుందో చెప్పలేం. తోట అమ్మకం మాటకొస్తే, అమ్మితే ఆపరేషనుకి డబ్బు దొరుకుతుంది, కానీ మార్పిడి తర్వాత జీవితాంతం వేసుకునే మందులకి ఏ ఆదాయం మిగులుతుంది? పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. ఎన్టీఆర్ వైద్య సేవలో దేనికి ఎంత వర్తిస్తుందో, పింఛను దేనికొస్తుందో సచివాలయంలో కనుక్కుని, ఆ కాగితం చేతిలో పెట్టుకుని అప్పుడు తోట మాట ఎత్తమనండి అన్నయ్యని.

చెల్లెలి పెళ్లి. ఎనిమిది పేజీల్లో చెల్లి గురించి మూడు పేజీలున్నాయి, చెల్లి అన్న మాట ఒక్కటీ లేదు. ఆమెకి నాన్న జబ్బు సంగతి తెలుసా? అదైనా మీరు రాయలేదు.

మీ ముందు రెండు మూడు దారులున్నాయి. పెళ్లయ్యేదాకా దాచడం ఒకటి. అప్పుడు నాన్న ఆరు నెలలో ఏడాదో చూపించుకోకుండా ఉండాలి. ఏడాదిలో 28 నుంచి 20కి దిగిన మనిషికి ఆ ఆరు నెలలు చిన్నవి కావు. పెళ్లి పందిట్లోనే ఆయాసం వస్తే దాచింది కూడా అప్పుడే బయటపడుతుంది. రెండోది, ఊరికి చెప్పకుండా వైద్యం చేయించడం. పలాస వద్దనుకుంటే విశాఖలోనో శ్రీకాకుళంలో మీ ఇంటికొచ్చినప్పుడో చూపించండి. ఖర్చూ దూరమూ పెరుగుతాయి, ఆయన పరువు మిగులుతుంది. మూడు నెలలకోసారి చూపించుకుంటానంటే నేనైతే ఈ రాజీకి ఒప్పుకుంటాను. మూడోది, మధ్యవర్తి ద్వారా అబ్బాయివాళ్లకి ముందే చెప్పడం. సంబంధం పోవచ్చు, నిజమే, మీ వైపు ఆ భయంతో పోయినవి నేనూ విన్నాను. అలా పోయేది పెళ్లయ్యాక ఆమెని దెప్పే ఇల్లే అయ్యుండొచ్చు కూడా. అబ్బాయిది కూడా ఉద్దానమే అంటున్నారు, వాళ్లింట్లో మాత్రం ఎవరికీ లేదని ఏమిటి నమ్మకం? నాన్న జబ్బు నాన్న సొంత విషయం, ఎవరికి చెప్పాలో తేల్చేది ఆయనే. పెళ్లి చెల్లిది. ఈ రెండూ ఆ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవలసినవి, మీరూ అన్నయ్యా ఫోన్లో తేల్చేవి కావు.

ఒకవేళ "అమ్మాయికి కూడా పరీక్ష చేయించి రిపోర్టు చూపించండి" అని అటువైపు అడిగితే, అది ఆమె ఇష్టమైతే తప్ప చేయించకండి. పెళ్లి కోసం కాకుండా, మీకోసం మీరు చేయించుకోవడం వేరు. మీరిద్దరూ, అన్నయ్య కూడా, ముందురాత్రి మాంసం తినకుండా వెళ్లి క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్, బీపీ చూపించుకోండి. క్రియాటినిన్ పక్కన ఈజీఎఫ్‌ఆర్, అంటే దాన్నుంచి లెక్కగట్టిన వడపోత, వేయమని లాబ్‌లో అడగండి, ఎందుకంటే వడపోత సగం పోయేదాకా క్రియాటినిన్ మామూలు గీత లోపలే ఉండిపోవచ్చు. ఏడాదికోసారి చాలు.

నాన్నగారికి ఎప్పుడైనా పడుకుంటే ఆయాసం, ఆగని వాంతులు, మగత, కాళ్లలో ఒక్కసారిగా నీరసం, లేదా మూత్రం బాగా తగ్గడం కనిపిస్తే మాత్రం ఎవరు చూస్తారోనని ఆగకండి, దగ్గరున్న పెద్ద ఆసుపత్రికి ఆ పూటే తీసుకెళ్లండి. మామూలు చూపుకి వెళ్లేటప్పుడు ఆయన వేసుకుంటున్న బిళ్లల ఖాళీ స్ట్రిప్పులు, ఆర్‌ఎంపీ కాగితం పొట్లాలతో సహా, సంచిలో వేసుకెళ్లండి. ఆ సీసా లెక్క రాసుకున్న కాగితం కూడా పట్టుకెళ్లమనండి. పగలెంత, రాత్రెంత అని విడివిడిగా రాసి ఉంటే డాక్టరుకి అది నిజంగా పనికొస్తుంది.